చివరి రోజు ఊరు చూడొద్దు, దారి చూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. దసరా సెలవులకి కేరళ వెళ్తున్నారు. మీరు, మీ ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, అమ్మానాన్న, మొత్తం ఆరుగురు. ఆఖరి మూడు రాత్రులు మున్నార్‌లో. ఆదివారం పొద్దున్న టాప్ స్టేషన్ అనే కొండ వ్యూపాయింట్ చూసేసి, కొండ దిగి, సాయంత్రం 6:30కి కొచ్చిలో విమానం ఎక్కి శంషాబాద్‌లో దిగుతారు. సోమవారం మీకు ఆఫీసు, బాబుకి బడి. డ్రైవర్ "ఆరామ్‌గా అయిపోద్ది సార్" అన్నాడు. నిజంగా అయిపోతుందా, విమానం ఆలస్యమైనా రద్దయినా ఏం చేయాలి అన్నది మీ ప్రశ్న.

అవ్వదనే అనుకోండి. చాలాసార్లు అవుతుంది, కాదనను. అవ్వని రోజున మాత్రం షుగరున్న మీ అమ్మగారు, నాలుగేళ్ల పాప ఎయిర్‌పోర్టు కుర్చీల్లో తెల్లవార్లూ కూర్చుంటారు. శనివారం మధ్యాహ్నమే కొండ దిగండి. రాత్రికి ఎయిర్‌పోర్టు దగ్గరి ఊళ్లు, అంగమాలిలోనో ఆలువలోనో పడుకోండి. ఆదివారం పొద్దుటి విమానానికి టికెట్ మార్చుకోండి. మార్చడానికి డబ్బు పడుతుంది, పడనివ్వండి. మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటారు. పొద్దుటి విమానం ఎగరకపోయినా చేతిలో ఇంకా సగం రోజు మిగులుతుంది.

ఇప్పుడు ఎందుకో చెప్తాను. మలక్‌పేటలో చిన్న ట్రావెల్ ఆఫీసు నాది, ఇరవై రెండేళ్లయింది. కేరళ, ఊటీ, కాశీ, అరకు, తిరుపతి, ఎక్కువగా కుటుంబాలే. పోయేటప్పుడు నాకు ఫోన్లు రావు. నాకొచ్చే ఫోన్లన్నీ తిరుగు ప్రయాణం రోజువే.

మీ ప్లాన్‌లో మొదటి తిరకాసు టాప్ స్టేషనే. అది మున్నార్ నుంచి 32 కిలోమీటర్లు, కొచ్చికి సరిగ్గా ఎదురు దిక్కు. వెళ్లడం, చూడడం, మళ్లీ మున్నార్ రావడం కలిపి మూడున్నర గంటలు ఎక్కడికీ పోవు. ఏడింటికి బయల్దేరితే పదిన్నరకి హోటల్లో ఉంటారు. టిఫిను, రూము ఖాళీ చేయడం, పాపకి బట్టలు మార్చడం, బిల్లు. పావు తక్కువ పన్నెండు. అక్కడి నుంచి నెడుంబస్సేరిలోని కొచ్చి ఎయిర్‌పోర్టు 110 కిలోమీటర్లు. మన ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద గంటన్నర దూరం అది. ఆ ఘాట్‌లో మంచి రోజున నాలుగు గంటలు, మధ్యలో భోజనంతో అయిదు. చెక్-ఇన్ కౌంటర్ విమానం టైముకి గంట ముందే మూసేస్తారు. అంటే మీరు 4:45కి చేరితే 5:30కి కౌంటర్ బంద్. కాగితం మీద లెక్క కుదిరింది, డ్రైవర్ అబద్ధం చెప్పలేదు. కాకపోతే అతని లెక్కలో పాప వాంతి చేసుకోదు, మీ నాన్నగారికి బాత్రూమ్ అవసరం రాదు, వానా పడదు.

వాన మాట మరీ ముఖ్యం. దసరా అంటే అక్టోబరు. కేరళలో అప్పుడు ఈశాన్య రుతుపవనాల కాలం, వాళ్లు తులావర్షం అంటారు. దాని అలవాటు ఏంటంటే పొద్దున్నంతా ఎండ కాసి, మధ్యాహ్నం దాటాక ఉరుములతో దంచుతుంది. సరిగ్గా మీరు అడిమాలి, నేరియమంగళం మధ్య మలుపుల్లో ఉండే టైమది. దానికి తోడు ఆదివారం. కొచ్చి నుంచి వీకెండ్‌కి వచ్చిన కార్లన్నీ ఆ మధ్యాహ్నమే దిగుతాయి.

కూకట్‌పల్లి నుంచి ఒక కుటుంబం అచ్చం ఇలాగే చేసింది. వాళ్లూ ఆరుగురే. సాయంత్రం 5:50కి విమానం. పదకొండున్నరకి మున్నార్ నుంచి బయల్దేరారు. దారిలో చీయప్పార జలపాతం రోడ్డు పక్కనే పడుతుంది, ఆగకుండా ఎవరూ పోలేరు. మొక్కజొన్న పొత్తులు, ఫోటోలు, నలభై నిమిషాలు. తర్వాత ఒక మలుపులో టింబర్ లారీ ఆగిపోయింది. నేరియమంగళం దగ్గర పెరియార్ మీద వంతెన 1935 నాటిది, వంపుల స్తంభాలతో చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, వెడల్పు మాత్రం ఆనాటి బండ్లకి సరిపోయేంతే. దానికి ఇవతల గంటన్నర నిలబడ్డారు. ఎయిర్‌పోర్టు చేరేసరికి 5:10. విమానం ఇంకా నేల మీదే ఉంది, అద్దంలోంచి కనబడుతోందట. కౌంటర్ అమ్మాయి సారీ అంది. అంతే.

ఆ ఇంటాయన నాకు ఫోన్ చేసినప్పుడు వెనకాల పిల్ల ఏడుపు, ఇంకా వెనకాల వాళ్ల నాన్నగారి గొంతు: "నేను పొద్దున్నే చెప్పాను కదా" అని. అదే మాట మూడుసార్లు వినబడింది. మర్నాటికి ఆరు టికెట్లు అప్పటికప్పుడు కొంటే, పోనూ రానూ కలిపి మొదట పెట్టినదానికంటే ఎక్కువైంది. అందులో విమానం వాళ్ల తప్పేమీ లేదు కాబట్టి ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి: విమానం మిమ్మల్ని వదిలేస్తే మీకు హక్కులున్నాయి. మీరు విమానాన్ని వదులుకుంటే ఏమీ లేవు. మహా అయితే కొన్ని పన్నులు వెనక్కి వస్తాయి.

ఇక రెండో సగం, విమానమే మిమ్మల్ని ఇబ్బంది పెడితే.

విమానాల నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు ఉన్నాయి, చాలామందికి తెలీవు. కొచ్చి–హైదరాబాద్ లాంటి రెండున్నర గంటల లోపు ప్రయాణానికి రెండు గంటలు దాటి ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. అడగండి, అడగనివాళ్లకి ఇవ్వడం మర్చిపోతారు. ఆరు గంటలు దాటి ఆలస్యమైతే వేరే విమానమో మొత్తం డబ్బు వాపసో, మీ ఇష్టం. రాత్రి 8 నుంచి తెల్లవారుజాము 3 లోపు బయల్దేరాల్సినది ఆరు గంటలు దాటి ఆలస్యమైతే, లేదా ఏ విమానమైనా 24 గంటలు దాటితే, హోటల్ కూడా వాళ్లే చూపాలి. ముందుగా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం ఉంది: గంట లోపు ప్రయాణానికి 5,000, గంట నుంచి రెండు గంటలకి 7,500, ఆ పైన 10,000. అయితే ఆ అంకె, మీ టికెట్ మూల ధర ప్లస్ ఇంధన రుసుము, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే ఇస్తారు. తుపాను, వరద, గొడవలు లాంటివాటికి పరిహారం ఉండదు. పొగమంచుకీ అంతే, డిసెంబరు–జనవరిలో ఢిల్లీ మీదుగా వచ్చేవాళ్లు దీన్ని మనసులో పెట్టుకోవాలి. డబ్బు వాపసు మాత్రం కారణం ఏదైనా సరే వస్తుంది.

వాపసు వస్తుంది కానీ అప్పటికప్పుడు రాదు, ఇక్కడే జనం దెబ్బతింటారు. కార్డుకో ఖాతాకో రావడానికి రోజులు పడుతుంది, ఏజెంటు ద్వారా కొంటే ముందు ఏజెంటుకి వెళ్లి అక్కడి నుంచి మీకు. ఈలోపు కొత్త టికెట్లకి జేబులోంచే పెట్టాలి. అందుకే నా దగ్గర బుక్ చేసేవాళ్లకి నేను చెప్పేది, తిరుగు టికెట్ ఖర్చు ఎంతో అంత డబ్బు ట్రిప్ అయ్యేదాకా ముట్టుకోవద్దు అని. ఆఖరి రోజు షాపింగ్‌లో పోయేది ఆ డబ్బే. ఏలకులు, టీ పొడి, కసావు చీర అయ్యాక ఖాతాలో నాలుగు వేలు మిగిలి ఉంటే, ఎంత మంచి నిబంధన ఉన్నా ఆ రాత్రికి పనికిరాదు.

2025 డిసెంబరు మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. పైలట్ల డ్యూటీ గంటల కొత్త నిబంధనలకి తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక ఒక పెద్ద సంస్థ దేశమంతా వేల విమానాలు రద్దు చేసింది. శంషాబాద్‌లో సూట్‌కేసుల మధ్య నడవడానికి చోటు లేదు. నా వాళ్లు రెండు కుటుంబాలు ఆ వారంలో తిరిగి రావాలి. ఒకాయన బెంగళూరులో కౌంటర్ ముందు లైన్లో నిలబడ్డాడు, మేనేజర్ని పిలవమన్నాడు, వీడియో తీశాడు. ఇంకొకావిడ ఇద్దరు పిల్లలతో గోవాలో ఉంది. రద్దు మెసేజ్ రాగానే ఫోన్లో వాపసు నొక్కేసి, ఆ గంటలోనే బస్సు చూసుకుంది. ఆవిడ మర్నాడు పొద్దున్న మియాపూర్‌లో దిగింది. ఆయన మూడో రోజు వచ్చాడు. ఆయన కోపం న్యాయమైనదే. కానీ అలాంటి రోజుల్లో ఇంకో మూడు వందల మంది అదే సీటు కోసం చూస్తుంటారు, మొదటి గంటలో కదిలినవాడికే దొరుకుతుంది. ఫిర్యాదు ఇంటికి వచ్చాక ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవాలో పెట్టుకోవచ్చు. బోర్డింగ్ పాసు, రద్దు మెసేజ్, పెట్టిన ఖర్చుల బిల్లులు ఫోటో తీసి ఉంచుకుంటే చాలు.

ఇంకో మాట, కొచ్చి విమానాశ్రయం పెరియార్ పరివాహకంలోనే ఉంది. 2018 వరదల్లో ఆగస్టు 15న మూసి 29న గానీ తెరవలేదు. అంత జరుగుతుందని భయపెట్టడం లేదు. మున్నార్ నుంచి బయటికి కొచ్చి ఒక్కటే దారి కాదని చెప్తున్నాను. బోడిమెట్టు, తేని మీదుగా మదురై దిగొచ్చు. మరయూర్, ఉడుమలపేట మీదుగా కోయంబత్తూరు దిగొచ్చు. రెండు చోట్లా విమానాశ్రయాలున్నాయి, రైళ్లున్నాయి. మీ డ్రైవర్‌ని ఈ రెండు దార్లు తెలుసా అని ముందే అడగండి. తెలిసినవాడైతే కష్టకాలంలో మీకు బంగారం.

రైలు సంగతి. ఆలువ నుంచి హైదరాబాద్ వైపు శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, దాదాపు ఒక పగలూ రాత్రీ. విమానానికి బదులుగా మనసులో ఉంచుకోదగ్గదే. కానీ ఆఖరి నిమిషంలో ఆరుగురికి రైలంటే తత్కాలే గతి, దానికి ముందే చేసిపెట్టుకోవాల్సిన పనులున్నాయి:

2025 జులై నుంచి తత్కాల్ టికెట్ ఆన్‌లైన్‌లో తీయాలంటే ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ జోడించి ఉండాలి. ఇంట్లో కూర్చున్నప్పుడే చేసుకోండి, మున్నార్ హోటల్ వైఫైలో ఓటీపీ కోసం ఎదురుచూసే బాధ పగవాడికి కూడా వద్దు. మొదటి అరగంట ఏజెంట్లకి తీసే వీల్లేదు, కాబట్టి "మలక్‌పేట అన్న చూసుకుంటాడు" అనే ధైర్యం పనికిరాదు. పదింటికి ఏసీ, పదకొండింటికి స్లీపర్. ఒక తత్కాల్ టికెట్ మీద నలుగురికే. మీరు ఆరుగురు. అంటే రెండు ఫోన్లు, రెండు ఖాతాలు, మీరొకటి, మీ ఆవిడ ఒకటి, ఒకేసారి నొక్కాలి. ఎవరి టికెట్‌లో ఎవరు అన్నది ముందు రాత్రే తేల్చుకోండి. అమ్మానాన్నని చెరో దాంట్లో వేయకండి. వేస్తే వేరువేరు బోగీలు పడతాయి, పెద్దాయన రాత్రంతా అటూ ఇటూ నడుస్తూనే ఉంటారు.

చాలామంది పొరబడే చోటు ఇంకొకటుంది. తత్కాల్ ముందు రోజు తెరుస్తారంటే, రైలు *మొదలయ్యే స్టేషన్* తేదీకి ముందు రోజని. ఎక్కడో 5వ తేదీన బయల్దేరి మీ స్టేషన్‌కి 6న వచ్చే రైలుకి తత్కాల్ 4వ తేదీ పదింటికే. 5న పదింటికి తెరిచి కూర్చుంటే అంతా అయిపోయి ఉంటుంది.

తత్కాల్ దొరక్కపోతే రిజర్వేషన్ చార్ట్ తయారయ్యాక ఖాళీలు చూడండి. ఇదివరకు చార్ట్ నాలుగు గంటల ముందు వేసేవారు, 2025 జులైలో ఎనిమిది గంటల ముందుకి, ఆ డిసెంబరులో పది గంటల ముందుకి జరిపారు. పొద్దున్న అయిదు దాటాక మధ్యాహ్నం రెండు లోపు బయల్దేరే వాటికి ముందు రోజు రాత్రి ఎనిమిదికి. మనలాంటివాళ్లకి ఇది మేలే, వెయిటింగ్ తేలదని రాత్రే తెలిస్తే వేరే దారి చూసుకోవచ్చు. చార్ట్ అయ్యాక మిగిలిన బెర్తుల్ని తత్కాల్ రుసుము లేకుండా కరెంట్ బుకింగ్‌లో ఇస్తారు. మొదలయ్యే స్టేషన్ నుంచి ఎక్కేవాళ్లకి దొరికే అవకాశం ఎక్కువ. రైలు మూడు గంటలు దాటి ఆలస్యమై మీరు ఎక్కకూడదనుకుంటే, అది కదిలే లోపే ఆన్‌లైన్‌లో టీడీఆర్, అంటే వాపసు దరఖాస్తు, వేయాలి. అప్పుడు మొత్తం వాపసు. కదిలాక వేస్తే లాభం లేదు. టికెట్ తీసేటప్పుడు 45 పైసలకి వచ్చే బీమా ప్రమాదానికే, ఆలస్యానికి కాదు. ఆ 45 పైసల్ని పట్టుకుని హోటల్ బిల్లు ఇవ్వమని నాతో కొట్లాడినవాళ్లున్నారు.

ఇప్పుడు నా కథ ఒకటి. విమానం, రైలు, రోడ్డు మూడూ ఎలా ఉన్నా ఇది పనికొస్తుంది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. అన్నవరం, సింహాచలం చూపించి పద్నాలుగు మందిని వెనక్కి తెస్తున్నాను. అంతకుముందు రెండు రోజులుగా ఒకటే వాన. విజయవాడ దాకా వచ్చి ఆగాం. మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె–కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడుతున్నాయన్న ఫోటో అప్పటికే అందరి ఫోన్లలోకి వచ్చేసింది. రైళ్లు రద్దు. రోడ్డు మీద పోదామంటే నందిగామ దగ్గర హైవే మీద నీళ్లు, గరికపాడు దగ్గర వంతెన దెబ్బతింది. ఇటు ఊళ్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. మాలో ముగ్గురు మగవాళ్లు "రెండు ఇన్నోవాలు మాట్లాడదాం, ఎట్లనో అట్ల పోదాం, రేపు డ్యూటీ ఉంది" అని పట్టుబట్టారు. వాళ్లలో ఒకాయన ఏకంగా డ్రైవర్‌తో బేరం ఆడి తీసుకొచ్చాడు. నేను పోనివ్వలేదు. పెద్దవాళ్లని కూర్చోబెట్టుకుని, రాత్రిపూట, ఎక్కడ రోడ్డుందో ఎక్కడ లేదో తెలీని దారిలో "ఎట్లనో అట్ల" ఉండదు. గాంధీనగర్‌లో నాలుగు గదులు తీసుకున్నాం. తిట్లు తిన్నాను.

అసలు కష్టం ఆ రాత్రి తొమ్మిదింటికి మొదలైంది. మా గుంపులో ఒక పెద్దావిడ, డెబ్బై దాటాయి. బీపీ, గుండె మాత్రలు ఆ పొద్దుటితో అయిపోయాయి, ఆదివారం రాత్రికి ఇంట్లో ఉంటాం కదా అని లెక్కపెట్టి తెచ్చుకున్నారు. డాక్టరు చీటీ ఇంట్లో ఉంది. ఏం మాత్రలమ్మా అంటే "తెల్ల గోళీ ఒకటి, పొద్దున సగం. ఇంకోటి గులాబీ రంగుది, రాత్రి" అన్నారు. మెడికల్ షాపతను నవ్వలేదు పాపం, పది రకాల తెల్ల గోళీలు చూపించాడు. కొడుకు హైదరాబాద్‌లో డ్యూటీలో ఉన్నాడు, ఇంటికి తాళం. చివరికి ఆవిడ చేతిసంచి అడుగున నలిగిపోయిన పాత ఖాళీ స్ట్రిప్ ఒకటి దొరికింది, వెనక సగం పేరు ఉంది. దాన్ని డాక్టరుకి ఫోన్లో చూపించి రాయించుకున్నాం. అప్పటికి పదకొండు దాటింది.

ఆ తర్వాత నుంచి నాతో వచ్చే ప్రతివాళ్లకీ నేను పెట్టే షరతు ఒక్కటే: మాత్రలు ట్రిప్ రోజులకి మూడు రోజులు అదనంగా, చేతిసంచిలో. ప్రతి స్ట్రిప్‌కీ ముందూ వెనకా ఫోటో. మీ అమ్మగారికి ఇన్సులిన్ ఉందన్నారు. దాన్ని చెక్-ఇన్ సూట్‌కేసులో వేయొద్దు. అక్కడి చలికి గడ్డకడితే అది పనికిరాదు, పైగా బ్యాగు ఒక ఊళ్లో మీరు ఒక ఊళ్లో అయితే ఇంకా తంటా. చీటీతో సహా చేతిలో ఉంచుకోండి, సెక్యూరిటీలో ఆపరు. తినడానికి బిస్కెట్లు, ఖర్జూరాలు కూడా ఆ సంచిలోనే, ఎందుకంటే ఆలస్యమైన విమానం దగ్గర దొరికేది పిజ్జా, కాఫీ.

మంగళవారం గుంటూరు, పిడుగురాళ్ల, మిర్యాలగూడ, నల్గొండ మీదుగా బస్సులో వచ్చాం. డ్యూటీ ఉందన్నాయన ఎల్బీ నగర్‌లో దిగేటప్పుడు నా చేయి పట్టుకుని ఏమీ అనలేదు. మళ్లీ కాశీకి నాతోనే వచ్చాడు, అదే అన్నట్టు.

హైదరాబాద్ దిగాక ఇల్లు చేరడం కూడా ప్రయాణమే, జనం దాన్ని లెక్కలో వేసుకోరు. మీరు రైల్లో వస్తే ఎక్కడ దిగుతారో టికెట్ మీద మళ్లీ చూడండి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక, సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల చాలా రైళ్లు అటు మళ్లాయి. కిందటేడు నా కస్టమర్ ఒకాయన్ని తీసుకెళ్లడానికి కొడుకు సికింద్రాబాద్ పదో నంబర్ ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డాడు, తండ్రి చర్లపల్లిలో దిగి "నువ్వెక్కడ్రా" అంటున్నాడు. రాత్రి పదకొండున్నర. అక్కడి నుంచి మెహిదీపట్నానికి ఆటో అడిగిన రేటు విని ఆయన ప్లాట్‌ఫామ్ మీదే తెల్లారేదాకా ఉండిపోదామనుకున్నాడట. మీది విమానం కాబట్టి ఈ బాధ లేదు, కానీ రాత్రి పది దాటాక శంషాబాద్ నుంచి ఆరుగురికి, ఆరు బ్యాగులకి ఒక్క క్యాబ్ సరిపోదు. ఎయిర్‌పోర్టు పుష్పక్ బస్సు మీ వైపు ఎన్ని గంటల దాకా ఉందో చూసుకోండి, లేదా ముందే పెద్ద బండి చెప్పుకోండి. పగలు దిగితే ఇవేవీ ఉండవు, పొద్దుటి విమానం అని నేను పోరుతున్నది అందుకు కూడా.

కారులో వచ్చేవాళ్లకి కూడా ఇదే లెక్క, క్లుప్తంగా చెప్పేస్తాను. సంక్రాంతికి వెళ్లి కనుమ మర్నాడు సాయంత్రం బయల్దేరితే విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర ఊరంతా కలుస్తుంది. ఒక రోజు ముందైనా రండి, తెల్లవారుజామునైనా రండి. గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లు మిర్యాలగూడ దగ్గర పక్కకి తిరిగి హాలియా, చింతపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా బొంగులూరు దగ్గర ఓఆర్ఆర్ ఎక్కొచ్చు. ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకోండి, లేకపోతే యూపీఐతో ఒకటింపావు రెట్లు కట్టాలి. రాత్రంతా మీరే నడపొద్దు. ప్రైవేట్ బస్సెక్కితే అత్యవసర ద్వారం ఎక్కడుందో, దానికి పరుపులు అడ్డం పెట్టారో చూసి కూర్చోండి. కర్నూలు దగ్గర బెంగళూరు బస్సు కాలిపోయాక నేను మొదట చూసేది అదే.

బ్యాగులు. చెక్-ఇన్ 15 కిలోలు, చేతిలో 7, సాధారణంగా అంతే. అరటికాయ చిప్స్ బరువు ఉండవు గానీ చోటు తింటాయి. టీ పొడి బరువు. ఎండు కొబ్బరి విమానంలో ఒప్పుకోరు, నూనె ఎక్కువ కాబట్టి నిప్పంటుకుంటుందని. గురువాయూర్ వెళ్లొచ్చేవాళ్లు ప్రసాదం కొబ్బరి చిప్పల్ని ఎయిర్‌పోర్టు డబ్బాలో వేసి కళ్లకద్దుకోవడం నేను చాలాసార్లు చూశాను. పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే. ఆఖరి రోజు సర్దడం పెట్టుకోకండి, ముందు రాత్రే అయిపోవాలి. పొద్దున్న మిగలాల్సింది బ్రష్షులు, పాప పాల సీసా.

ఒక మినహాయింపు కూడా చెప్పాలి. మీరిద్దరే వెళ్లి ఉంటే, వెన్నుకి ఒక సంచి, మంగళవారం దాకా సెలవు ఉంటే, నేను ఇంత గోల పెట్టను. టాప్ స్టేషన్ చూసుకునే దిగండి అంటాను, తప్పితే తప్పింది, కొచ్చిలో ఒక రాత్రి చేపల కూర తింటారు. తిరుపతి నుంచి వచ్చేవాళ్లకీ ఇంత జాగ్రత్త అక్కర్లేదు. నారాయణాద్రి, వెంకటాద్రి, వందేభారత్, బస్సులు, ఒకటి పోతే ఇంకొకటి. మీ విషయంలో ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఘాట్ రోడ్డు, తులావర్షం, ఆదివారం సాయంత్రం, సోమవారం ఆఫీసు అన్నీ ఒకే రోజు మీద పడ్డాయి. అందుకని ఇంత రాశాను. వీలైతే సోమవారం కూడా సెలవు పెట్టేయండి. పెట్టలేకపోతే కనీసం ఇంట్లో చెప్పకండి, "రేపు తొమ్మిదికి మీటింగ్ ఉంది" అని మీరు ప్రతి గంటకీ అంటూ ఉంటే విమానం తొందరగా రాదు, మీ నాన్నగారి బీపీ మాత్రం పెరుగుతుంది.

చివరగా మీరు ఇవాళే చేయాల్సిన పని. డ్రైవర్‌కి ఫోన్ చేసి, ఆదివారం కాదు, శనివారం మధ్యాహ్నం పన్నెండుకే దిగుతున్నామని చెప్పండి. అతనికి ఒక రోజు బాడుగ తగ్గుతుంది కాబట్టి కొంచెం గునుస్తాడు, అంగమాలి దాకా డ్రాపు ఉందిగా అనండి. టాప్ స్టేషన్‌ని శుక్రవారం పొద్దుటికి జరపండి. ఆరింటికల్లా బండి కదలాలి. తొమ్మిది దాటితే అక్కడ మబ్బు తప్ప ఏమీ కనబడని రోజులే ఎక్కువ. పాపకి స్వెటర్ మర్చిపోకండి.